షెడ్డు పనివాళ్ల ఒంటికి ఎవరు పూచీ?

దాళ్వాకు నీళ్లు రావని తేలిపోయిన ఏడాది, పదో తరగతి తప్పిన కుర్రాడు ఇంట్లో ఉంటే, పెద్దల నోట ముందుగా వచ్చే మాట ‘ఆటోనగర్‌లో పెడదాం’ అన్నదే. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు గ్రామాల నుంచి తెల్లవారగానే బందరు రోడ్డు మీదుగా బెజవాడ వెళ్ళే బస్సుల్లో క్యారేజీ పట్టుకుని నిలబడే కుర్రాళ్ళు చాలామంది అలా పెట్టబడినవాళ్ళే. లేతు మీద కొందరు, వెల్డింగులో కొందరు, లారీ బాడీలు కట్టేచోట కొందరు. ఇంకొందరు హైదరాబాదు పోయి బాలానగర్, జీడిమెట్ల షెడ్డుల్లో కుదురుకుంటారు. పని నేర్చుకుంటే చేతిలో విద్య ఉంటుంది, ఎవరికీ చేయి చాచనక్కరలేదు అని తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశలో తప్పు లేదు. ట్రాక్టరు దమ్ము చక్రం విరిగినా, ట్రక్కు యాక్సిలు పోయినా, కోతమిషను బేరింగు అరిగినా మనకు దిక్కు వాళ్ళే.

అయితే కుర్రాణ్ణి పనిలో పెట్టేటప్పుడు మనం అడిగేవి రెండే ప్రశ్నలు. నెలకు ఎంతిస్తారు? భోజనం ఎక్కడ? ఆ షెడ్డులో గాలి ఎలా ఉంది, అక్కడ పదేళ్లు చేసినవాడి ఊపిరి ఎలా ఉంది, మేస్త్రి చేతికి వేళ్లు ఎన్ని ఉన్నాయి అని అడిగేవారు అరుదు. పొలంలో పురుగుమందు కొట్టి ఎవరైనా పడిపోతే ఊరంతా గుమిగూడుతుంది. ఇనుము పనిలో వచ్చే జబ్బు అలా ఒక్కసారిగా పడగొట్టదు. పదేళ్లకో పదిహేనేళ్లకో వస్తుంది. అప్పటికి మనిషి ఆ షెడ్డులో ఉండడు, ఊళ్లో మంచం మీద ఉంటాడు. ‘టీబీ అట’ అనుకుంటాం.

ఈ టీబీ మాట దగ్గరే కాస్త ఆగాలి. ఇనుమును కరిగించి పోత పోసే ఫౌండ్రీల్లో అచ్చులు తయారయ్యేది ఇసుకతో. పోత చల్లారాక అచ్చును పగలగొట్టి, సామానుకు అంటుకున్న ఇసుకను సుత్తితో, ఉలితో, గ్రైండింగు చక్రంతో వదలగొడతారు. అప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోయి తుమ్ముతోనో కఫంతోనో బయటికి వస్తుంది. కంటికి కనిపించనంత సన్నని దుమ్మే ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది, మచ్చ కడుతుంది. దీనికే సిలికోసిస్ అని పేరు. మొదట మెట్లెక్కితే ఆయాసం. తర్వాత నడిస్తే ఆయాసం. ఆఖరికి కూర్చున్నా ఆయాసమే. పని మానేసినా జబ్బు ముదరడం ఆగకపోవచ్చు. దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ సులభంగా అంటుకుంటుంది. క్షయ లేనివాడికి కూడా ఎక్స్‌రే మచ్చలు చూసి క్షయ మందులు మింగించడం జరుగుతూ ఉంటుంది. రోగి ఆరు నెలలు మందు మింగుతాడు, తగ్గదు, మళ్ళీ మొదలుపెడతారు. ఇంతలో అప్పులు. డాక్టరును తప్పు పట్టి లాభం లేదు, ఆయన ముందున్నది దగ్గే. ఆ దగ్గు వెనక పన్నెండేళ్ల ఫౌండ్రీ ఉందని ఆయనకు ఎవరూ చెప్పరు, ఆయనా అడగరు. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700 సంవత్సరంలోనే చేతిపనివారి జబ్బుల మీద ఒక పుస్తకం రాసి, రోగిని వైద్యుడు అడగవలసిన ప్రశ్నల్లో ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అన్నది కూడా చేర్చాడు. మూడు వందల ఏళ్లు దాటింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓ.పి. చీటీ మీద పేరు, వయసు, ఊరు రాసే చోటు ఉంటుంది. పని రాసే చోటు కూడా ఉంటే కదా ఆ ప్రశ్న వేసేది!

ఇసుకను గాలితో కొట్టి ఇనుము మీది తుప్పు వదలగొట్టే బ్లాస్టింగు పని మరీ ప్రమాదం. బ్రిటన్‌లో పోత సామాను శుభ్రం చేయడానికి ఇసుక వాడరాదని 1949లోనే నిబంధన చేశారు. ఇసుక బదులు ఉక్కు గుండ్లు వాడవచ్చు. ఖర్చు కాస్త ఎక్కువ. ఆ కాస్త ఖర్చూ ఎవరు భరిస్తున్నారో తెలియాలంటే ఆయాసంతో నిద్రపట్టక అరుగు మీద కూర్చున్నవాణ్ణి అడగాలి.

బెల్లం సంగతి కూడా చెప్పాలి. దుమ్ము పని చేసేవాళ్ళకు సాయంత్రం బెల్లం ముక్క ఇవ్వడం చాలాచోట్ల ఆచారం. వెల్డింగు వాళ్ళకు పాలు, అరటిపండు. తింటే మంచిదే, ఆకలి తీరుతుంది. కానీ మింగిన బెల్లం పొట్టలోకి పోతుంది, పీల్చిన దుమ్ము ఊపిరితిత్తిలో ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకటి కలుసుకోదు. బెల్లం పెట్టి, దుమ్ము లాగే ఫ్యాను పెట్టని యజమాని తన బాధ్యత తీరిందనుకోవడం విచారకరం. నోటికి చుట్టుకునే తువ్వాలు కూడా అంతే, సన్నని దుమ్మును అది ఆపదు. ఆపేది అందుకోసం తయారుచేసిన మాస్కు. అంతకంటే మేలైన పద్ధతి దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, తడి గుడ్డతో తుడవడం. పొడి చీపురు, కంప్రెసరు గాలి పెట్టి ఊడిస్తే నేల మీది దుమ్ము మళ్ళీ ముక్కులోకి చేరుతుంది.

కంప్రెసరు మాట వచ్చింది కనుక తల్లిదండ్రులు పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పి పంపాలి. సాయంత్రం బట్టల మీది దుమ్ము ఆ గాలితో దులుపుకోవద్దని, దానితో వేళాకోళాలు ఆడవద్దని. తోటి కుర్రాడి వెనక భాగాన గాలి గొట్టం పెట్టి నవ్వుకోబోయి పేగులు చిట్లి ప్రాణాలు పోయిన ఉదంతాలు మన దేశంలో ఒకటి రెండు కావు. సరదాకు మొదలైనదే పోలీసు కేసుతో ముగిసింది.

లేతు మీద పనిచేసేవాడికి ముప్పు మరో రకం. తిరిగే చక్‌కు లుంగీ అంచు, మెడలో తువ్వాలు, చేతికి కట్టిన దారం, ఏది అందినా మనిషినే లోపలికి లాక్కుంటుంది. చేతితొడుగులు మంచివే గాని తిరిగే యంత్రం దగ్గర అవే యమపాశాలు, అక్కడ వేసుకోకూడదు. చుట్టలు చుట్టలుగా వచ్చే రజను తీగను చేత్తో లాగరాదు, కొక్కెంతో లాగాలి. గ్రైండింగు చక్రం బిగించేముందు కర్ర పిడితో మెల్లగా తట్టి చూడాలి. గణగణమంటే మంచిది, బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. పగిలిన చక్రం తిరిగేటప్పుడు ముక్కలై తూటాల్లా వస్తుంది. దాని మీద ఉండవలసిన ఇనుప మూతను ‘పనికి అడ్డం’ అని విప్పి మూలన పడేయని షెడ్డు ఎన్ని?

కళ్లద్దాల విషయం మరీ చోద్యం. కొత్తగా చేరిన కుర్రాడు అద్దాలు పెట్టుకుంటే ‘ఏరా, పెళ్లిచూపులకు వచ్చావా’ అని మేస్త్రి ఎగతాళి. రజను కంట్లో పడనివాడు పనివాడు కాదన్నట్టు మాట్లాడతారు. పడిన రజనును అగ్గిపుల్లకు దూది చుట్టి పక్కవాడు తీస్తాడు. నల్లగుడ్డు మీద గీత పడి, చీము పట్టి, చూపు పోతే మేస్త్రి ఏమీ చేయలేడు. ఇనుప తునక గుచ్చుకుంటే నలపకుండా, తీయబోకుండా కంటి డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

వెల్డింగు మంట చూసినవాడికి ఆ పూట ఏమీ తెలియదు. రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. మంటలోని కంటికి కనబడని కిరణాలు కనుగుడ్డు పైపొరను కాల్చడం వల్ల వచ్చే బాధ అది. బంగాళదుంప ముక్కలు, చనుబాలు వేయడం మన ఊళ్లలో వాడుక. వీటివల్ల క్రిమి చేరే భయమే తప్ప లాభం లేదు. చల్లని శుభ్రమైన తడి గుడ్డ కప్పి, చీకటిలో ఉంచి, డాక్టరుకు చూపాలి. సామాన్యంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, అయితే పదే పదే తెచ్చుకోవలసిన బాధ కాదు. మామూలు నల్ల కళ్లద్దాలు ఇందుకు చాలవు, వెల్డింగుకు తగిన నెంబరు అద్దం ఉన్న షీల్డే కావాలి. గేటు వెల్డింగు చేస్తుంటే గుంపుగా నిలబడి చూసే పిల్లలను ఇంట్లోకి తోలడం ఊరివాళ్ల పని.

జింకు పూసిన జి.ఐ. పైపును వెల్డింగు చేసినా, ఇత్తడి కరిగించినా లేచే తెల్లని పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. నోట్లో లోహపు రుచి, ఒళ్లు నొప్పులు. మర్నాటికి తగ్గిపోతుంది. మలేరియా అనుకుని బిళ్లలు మింగేవారున్నారు. సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజే ఇది ఎక్కువగా వస్తుంది, వరసగా పీలిస్తే ఒంటికి కాస్త అలవాటు పడుతుంది. అలవాటు పడటమంటే మేలు జరగడం కాదు. వెల్డింగు పొగ మనుషుల్లో కేన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

లేతు మీద పోసే పాలలాంటి కూలెంటు, నూనెలు రోజంతా తగిలితే చేతులకు దురద, పగుళ్లు, నూనె గుల్లలు వస్తాయి. వాటిని కిరోసినుతోనో పెట్రోలుతోనో కడుక్కుంటే చర్మంలో ఉన్న కాస్త జిడ్డు కూడా పోయి ఇంకా పాడవుతుంది. సబ్బు, నీళ్లు చాలు. నూనెలో తడిసిన గుడ్డను ప్యాంటు జేబులో కుక్కుకోవడం, నూనె పంట్లాము వారం రోజులు ఉతక్కుండా వేసుకోవడం మరీ చెడ్డ అలవాట్లు. శుద్ధి సరిగా లేని ఖనిజ నూనె ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ కేన్సరు వస్తుంది, అదీ చెప్పుకోలేని చోట. పొగగొట్టాలు శుభ్రంచేసే పిల్లలకు మసి వల్ల అక్కడే పుండు పడుతున్నదని ఇంగ్లండు వైద్యుడు పాట్ 1775లోనే రాశాడు. సిగ్గుపడి దాచుకునే జబ్బు కనుకే ఆలస్యంగా బయటపడుతుంది.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చేయి చాచినంత దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ షెడ్డు చెవికి మంచిది కాదు. మొదట పోయేవి సన్నని శబ్దాలు: చంటిపిల్ల మాట, ఫోను గంట. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక బందరు వైపు వద్దాం. చిలకలపూడి బంగారం పేరు చెబితే తెలియని ఆడపడుచు ఉండదు. గిల్టు నగల పనిలో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. దాన్ని చిన్నబుచ్చాలని కాదు ఈ మాటలు. రాగి, ఇత్తడి రేకును అచ్చు కొట్టి, ముక్కలు అతికి, ఆసిడ్‌లో కడిగి, మెరుగుపెట్టి, పూత తొట్టెలో ముంచుతారు. బంగారు పూతకు వాడే ద్రావణాల్లో సైనైడు ఉంటుంది. సైనైడు ఉన్న నీళ్లలో ఆసిడ్ కలిస్తే ప్రాణాంతకమైన విషవాయువు లేస్తుంది. దాని వాసన కొందరికి అసలు తెలియనే తెలియదు. ఇంటి వసారాలోనే పూత తొట్టె, ఆ పక్కనే ఆసిడ్ సీసా, మూడడుగుల్లో పొయ్యి, మంచినీళ్ల బిందె ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఆసిడ్, సైనైడు ఒకే గదిలో ఉంచరాదు, రెంటి నీళ్లూ ఒకే కాలవలో వదలరాదు, ఖాళీ డబ్బాలను ఇంట్లో దేనికీ వాడరాదు. పూత పని చేసే చేతులతో అన్నం ముద్ద కలపరాదు.

అతుకు పనిలో మరో విషం కాడ్మియం. ఒకప్పుడు బంగారు దుకాణాల్లో ‘కె.డి.ఎం.’ అని గొప్పగా చెప్పుకున్నది ఈ కాడ్మియం కలిసిన అతుకునే. అతుకు బాగా పడుతుంది, దాని పొగ మాత్రం మనిషిని తినేస్తుంది. పీల్చిన రోజు చలిజ్వరంలా మొదలై, మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పీలిస్తే మూత్రపిండాలు పాడవుతాయి. కాడ్మియం లేని అతుకులు బజారులో దొరుకుతున్నాయి. క్రోమియం పూత పనిలో ముక్కు మధ్యగోడకు నొప్పి లేకుండానే రంధ్రం పడుతుంది. నొప్పి లేదు కనుక ఎవరూ డాక్టరు దగ్గరకు పోరు.

అల్యూమినియం మెరుగుపెట్టేచోట దుమ్మే మందుగుండు. చైనాలోని కున్‌షాన్‌లో కారు చక్రాలు మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో 2014 ఆగస్టు 2న పేరుకున్న అల్యూమినియం దుమ్ము అంటుకుని పేలింది. ఆ ఒక్కరోజే డెబ్బై మందికి పైగా పోయారు. కాలిన గాయాలతో తర్వాత పోయినవారితో కలిపి లెక్క 146కి చేరింది.

ఇన్ని తెలిసి ఉండి చట్టం ఏం చేస్తున్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యంత్రానికి కంచె ఉండాలన్నది, కళ్లకు అద్దాలు ఇవ్వాలన్నది, దుమ్ము లాగే ఏర్పాటు చేయాలన్నది, సిలికోసిస్ వంటి జబ్బు బయటపడితే ప్రభుత్వానికి తెలియజేయాలన్నది. చెప్పినవన్నీ మంచివే. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే అది ఫ్యాక్టరీ. అందుకే చాలా షెడ్డుల్లో హాజరు పుస్తకంలో తొమ్మిది మందే ఉండేవారు! 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కరెంటు ఉంటే ఇరవై మంది, లేకుంటే నలభై మంది ఉన్నదే ఫ్యాక్టరీ. పది మంది దాటిన చోట యజమానికి సాధారణ భద్రత బాధ్యతలు ఉన్నాయి, నిజమే. నిర్ణీత వర్గాల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్న మాట కూడా అందులో ఉంది, అది మెచ్చుకోదగినది. అయితే మన పిల్లలు పనిచేసేది ఎక్కువగా ఐదుగురు, ఏడుగురు ఉన్న షెడ్డుల్లో. దుమ్ము మనుషులను లెక్కపెట్టి లేవదు. పది మంది ఉన్న చోట పాడయ్యే ఊపిరితిత్తి ఐదుగురున్న చోట బాగుంటుందా? చిన్న షెడ్డు యజమానికి స్తోమతు లేదంటారు. చాలామందికి నిజంగానే లేదు, ఆయన కూడా అదే పొగ పీలుస్తూ పక్కనే పనిచేస్తుంటాడు. అటువంటప్పుడు షెడ్డులన్నీ ఒక్కచోటే ఉన్న ఆటోనగర్ వంటి పేటల్లో అందరికీ కలిపి దుమ్ము లాగే ఏర్పాట్లు, కంటి వైద్య కేంద్రం, ఏటా ఒకసారి ఊపిరి, చెవి పరీక్ష పెట్టడం ప్రభుత్వం చేయగలిగిన పనే. పేటకు రోడ్డు వేయగలిగినవారు ఎక్స్‌రే బండి పంపలేరా?

రాజస్థాన్ ప్రభుత్వం రాతి పనివాళ్ల అవస్థ చూసి 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. జబ్బు ధ్రువపడితే సొమ్ము ఇస్తున్నారు, కుటుంబానికి పింఛను ఇస్తున్నారు. అక్కడ రాయి, ఇక్కడ ఫౌండ్రీ ఇసుక. జబ్బు ఒక్కటే కనుక మన శాసనసభ్యులు ఆ కాగితాలు తెప్పించుకుని చదవడం మంచిది.

ఇ.ఎస్.ఐ. సంగతి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. పది మంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఇది వర్తిస్తుందని 2017 నుంచి నిబంధన. పనిలో దెబ్బ తగిలితే వైద్యం, జీతంలో తొంభై శాతం దాకా భృతి, శాశ్వతంగా అంగవైకల్యం వస్తే నెలనెలా సొమ్ము వస్తుంది. పనివల్ల వచ్చిన జబ్బులకూ ఇది వర్తిస్తుంది. బెజవాడ గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కానీ కార్డు ఉంటే కదా! హర్యానాలో మోటారు విడిభాగాల ఫ్యాక్టరీల్లో పవర్ ప్రెస్ కింద వేళ్లు పోగొట్టుకున్న కార్మికుల గురించి 2019 నుంచి వెలువడుతున్న నివేదికలు చూస్తే, చాలామందికి వేలు తెగిన తర్వాతనే కార్డు చేతికొచ్చింది. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే తప్ప దిగని ప్రెస్సులు ఉన్నాయి. అలాంటిది ఉంటే వేలు కింద పెట్టడం కుదరదు. వేగం కోసం ఒక మీటను తీగతో కట్టేయిస్తారు.

పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. పద్నాలుగేళ్ల లోపువాళ్లను ఏ పనిలోనూ పెట్టరాదు, పద్దెనిమిది లోపువాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదు. ‘వేసవి సెలవుల్లో ఊరికే చూస్తాడు లెండి’ అని మేస్త్రికి అప్పగించే తండ్రి కూడా దీన్ని మీరుతున్నట్టే.

ఈ ఊళ్లలో షెడ్డు పనికి వెళ్ళేవాళ్లు ఎందరో, ఏ పనిలో ఎన్నేళ్లుగా ఉన్నారో గ్రామ సచివాలయంలో ఒక పుస్తకం పెట్టి రాయించవచ్చు. ఆరోగ్య కార్యకర్త దగ్గున్న ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం చూసుకుంటే చాలా విషయాలు తేలతాయి. అది జరిగేదాకా ఎవరింటి పని వారే చేసుకోవాలి. అబ్బాయి పనిలో చేరేముందు ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించండి. రెండు మూడేళ్లకోసారి మళ్ళీ తీయించండి. ఆ ఫిల్ములను ఎండలో పడేయకుండా పట్టాదారు పుస్తకాలు దాచే పెట్టెలోనే దాచండి. ఏ షెడ్డులో ఏ నెల చేరాడో, ఏ పని చేశాడో, జీతం ఎలా ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాయించండి. జీతం చీటీలు, ఇ.ఎస్.ఐ. నెంబరు అందులోనే పెట్టండి. రేపు పరిహారం అడగవలసి వస్తే, ‘మా దగ్గర పనిచేయనే లేదు’ అని యజమాని అన్నప్పుడు అధికారి ముందు పెట్టడానికి ఆ కాగితాలే ఉంటాయి.